గొడుగు పట్టుకుని సువా చూద్దాం రండి!

ఫిజీ అనగానే మీ కళ్ల ముందు ఏం మెదులుతుంది? తెల్లటి ఇసక, నీలం నీళ్లు, వంగిన కొబ్బరిచెట్టు, దాని కింద ఓ అందమైన హీరోయిన్... అంతేగా! తప్పు మీది కాదు, సినిమా వాళ్లది. 1980లో బ్రూక్ షీల్డ్స్ కుర్రకారుకి నిద్ర లేకుండా చేసిన ‘ది బ్లూ లగూన్’ తీసింది ఫిజీలోని యసావా దీవుల్లో. 2000లో వచ్చిన ‘కాస్ట్ అవే’లో టామ్ హ్యాంక్స్ వాలీబాల్‌తో కబుర్లు చెప్పుకున్న దీవి పేరు మొనురికి. అదీ ఫిజీలోదే.

కానీ నేను చెప్పబోయేది ఆ ఫిజీ గురించి కాదు. రాజధాని సువా గురించి. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకండి: సువాలో బీచి లేదు! ఊరి అంచున ఉన్నది మడచెట్లూ, బురదానూ. పైగా ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన. మరి ఎందుకు వెళ్లాలి అంటారా? అక్కడే ఉంది అసలు కథ.

వానకీ ఎండకీ మధ్య

ఫిజీలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానాకాలం, తుపాన్ల కాలం. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను ఆ దేశాన్ని ఎంత అతలాకుతలం చేసిందో అక్కడివాళ్లు ఇంకా చెప్పుకుంటారు. జూలై, ఆగస్టుల్లో వాతావరణం బాగుంటుంది కానీ, జూలైలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పిల్లలకి సెలవులు. హోటళ్లు కిటకిట, రేట్లు భగభగ! ఈ రెండిటికీ మధ్య సందులో వచ్చే నెల మే. తుపాన్ల భయం తగ్గుతుంది, జనం ఇంకా దిగరు. పగలు ఇరవై ఎనిమిది డిగ్రీల లోపే. మన రోహిణి కార్తె ఎండల నుంచి పారిపోయి అక్కడ దిగితే ప్రాణం లేచొస్తుంది.

అయినా గొడుగు మాత్రం మరచిపోకండి. ఆగ్నేయం నుంచి వచ్చే గాలి వీతిలేవు దీవి కొండలకి కొట్టుకుని, ఉన్న నీళ్లన్నీ సువా మీదే దించేస్తుంది. కొండలకి అవతల, పడమటి వైపున ఉన్న నాదీలో అదే సమయానికి ఎండ కాస్తూ ఉంటుంది. విదేశీ విమానాలు ఎక్కువగా దిగేది ఆ నాదీలోనే. అక్కడి నుంచి క్వీన్స్ రోడ్డు మీద బస్సులో నాలుగైదు గంటలు. ఎడం వైపు చెరుకు తోటలు, కుడి వైపు సముద్రం... ఇంతలో ఆకాశం నల్లబడి బస్సు అద్దాల మీద చినుకులు పడితే, సువా దగ్గరకొచ్చిందన్నమాట!

అన్నట్టు, మనకంటే వాళ్ల గడియారం ఆరున్నర గంటలు ముందు. సువాలో హిందీ సినిమాలు దర్జాగా ఆడతాయి. మొదటి ఆట ముందుగా చూసి మన వాళ్లకి ఫోన్‌లో కథ చెప్పేద్దామనుకునే మహానుభావులు ఈ సంగతి నోట్ చేసుకోవచ్చు!

సెట్టింగు కాదు, నిజమే

1882 నుంచి సువా రాజధాని. అంతకు ముందు లెవుకా అనే ఊరు ఉండేది. కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కుపోయి పెరగడానికి చోటు లేక ఇక్కడికి మార్చారు. సముద్రం ఒడ్డున 1914లో కట్టిన గ్రాండ్ పసిఫిక్ హోటల్ చూస్తే ‘ఎవరో ఆర్ట్ డైరెక్టరు వేసిన సెట్టింగు’ అనిపిస్తుంది. ఓడ ప్రయాణికుల కోసం కట్టింది కాబట్టి వరండాలు కూడా ఓడ డెక్కులాగే ఉంటాయి. 1992లో మూతబడి, ఏళ్ల తరబడి పాడుబడి, 2014లో మళ్లీ తెరుచుకుంది. గది అద్దె మన జేబుకి ఎక్కువే గానీ వరండాలో ఒక టీ తాగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఎదురుగా ఆల్బర్ట్ పార్కు. 1928 జూన్‌లో కింగ్స్‌ఫర్డ్ స్మిత్ పసిఫిక్ మహాసముద్రాన్ని మొట్టమొదటిసారి విమానంలో దాటుతూ హవాయి నుంచి వచ్చి దిగింది ఈ ఆటస్థలంలోనే! ఆయన కోసం అడ్డంగా ఉన్న చెట్లు కొట్టించారు.

ఇక మార్కెట్టు. కింద చేమదుంపలు, కర్రపెండలం, కొబ్బరికాయలు గుట్టలు గుట్టలు. ఈ రోజుల్లోనే దురుకా అనేది వస్తుంది. చెరుకుకి చుట్టం లాంటి మొక్క, దాని విచ్చుకోని కంకిని కొబ్బరిపాలలో వండుతారు. పై అంతస్తులో మసాలాలూ, కావా వేర్లూ. కావా అంటే మన మిరియాల జాతి మొక్క. దాని వేరు దంచి నీళ్లలో కలిపి, కొబ్బరిచిప్పలో పోసి ఇస్తారు. చప్పట్లు కొట్టి, ‘బులా’ అని ఒక్క గుక్కలో తాగాలి. రుచా? వాన వెలిసిన తర్వాత కాలవ నీళ్లలా ఉంటుంది! నాలుక కాసేపు తిమ్మిరెక్కుతుంది. ఆ వెంటనే రొట్టెలో కూర చుట్టి అమ్మే ‘రోటీ పార్సిల్’ తినండి, అన్నీ సర్దుకుంటాయి.

“ఇది చదివి చెప్పు బేటా!”

ఆ పై అంతస్తులోనే నన్ను ఒక పెద్దావిడ పలకరించింది. “కైసే?” అని. ఫిజీ హిందీలో బాగున్నావా అని అర్థం. మాటల్లో ఇంటిపేరు నాయుడు అని తెలిసింది. నాకు హుషారొచ్చి తెలుగు అందుకున్నాను. ఆవిడ నవ్వి తల అడ్డంగా ఊపింది. తెలుగు రాదు! చిన్నప్పుడు విన్న మాటలు మూడే గుర్తున్నాయట: అవ్వ, బువ్వ, రా.

ఎలా వచ్చిందీ నాయుడు ఇంటిపేరు పసిఫిక్ మధ్యలోకి? 1879 మే 14న లియోనిడాస్ అనే ఓడ మన దేశం నుంచి మొదటి కూలీలను ఫిజీకి తెచ్చింది. ఐదేళ్ల ఒప్పందం, అంటే అగ్రిమెంటు. ఆ మాట కూలీల నోళ్లలో నలిగి ‘గిర్మిట్’ అయింది. 1916 దాకా అరవై వేల మందికి పైగా వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవులో కూడా ఓడలెక్కించారు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల వాళ్లు అలా వెళ్లినవాళ్లే. చెరుకు తోటల్లో రోజు పని పూర్తి చేస్తే మగవాడికి ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. పని పూర్తి కాకపోతే అదీ లేదు. వాళ్లు తమ బతుకుకి పెట్టుకున్న పేరు ‘నరక్’. ఆ పేరుకి వ్యాఖ్యానం అవసరమా?

సువా రేవు బయట నుకులావు అనే చిన్న దీవి ఉంది. ఓడ దిగినవాళ్లను ముందు అక్కడ ఉంచి, రోగాలు లేవని తేలాకే తోటలకి పంచేవారు. థర్స్టన్ తోటలోని ఫిజీ మ్యూజియంలో వాళ్ల సామాన్లు చూడొచ్చు. 1884 మే నెలలో ఈ తీరానికి దగ్గర్లోనే ‘సిరియా’ ఓడ పగడపు దిబ్బకి గుద్దుకుని 59 మంది చచ్చిపోయారు. ఒడ్డు కనపడుతుండగా! ఏ రచయితా రాయలేని క్లైమాక్స్.

ఒక్కొక్క కూలీకి ఒక ఎమిగ్రేషన్ పాసు ఉండేది. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, జిల్లా అన్నీ అందులో రాసేవారు. సువాలోని జాతీయ పత్రాగారంలో అవి భద్రంగా ఉన్నాయి. ఆ పెద్దావిడ సంచిలోంచి తాతగారి పాసు నకలు తీసింది. “ఇది చదివి చెప్పు బేటా, మా ఊరు ఏది?” అంది. జిల్లా తెలుస్తోంది, విశాఖపట్నం. ఊరి పేరు దగ్గర మాత్రం దొరగారి చేతిరాత! మూడు రకాలుగా చదవొచ్చు. మూడూ చదివాను. ప్రతి పేరుకీ ఆవిడ మొహంలోకి వెలుగొచ్చింది. “ఏదైనా ఫరవాలేదు, మూడూ మావే” అంది చివరికి. నాకు మాట రాలేదు.

మే 14: ఒక తేదీ, రెండు కథలు

1987లో సరిగ్గా మే 14నే సిటివేని రంబుకా అనే సైనికాధికారి సువా పార్లమెంటులోకి సైనికులను నడిపించి ప్రభుత్వాన్ని పడగొట్టాడు. నెల రోజులకే పోయిన ఆ ప్రభుత్వానికి భారతీయుల ఓట్లే బలం. దాంతో వేలాది కుటుంబాలు దేశం వదిలిపోయాయి. అప్పట్లో జనాభాలో సగం దాకా ఉన్న మనవాళ్లు ఇప్పుడు సుమారు మూడో వంతు. విచిత్రం వినండి. అదే రంబుకాతో చెయ్యి కలిపి 1997లో కొత్త రాజ్యాంగం తెచ్చిన భారతీయుల నాయకుడు ఒక రెడ్డిగారు, జైరామ్ రెడ్డి! 2022లో మళ్లీ ప్రధాని అయిన రంబుకా, 2023 మే నెలలో సువాలో అందరి ముందూ నిలబడి 1987కి క్షమాపణ చెప్పాడు. ఆ ఏడాదే గిర్మిట్ దినాన్ని మొదటిసారి సెలవు దినం చేశారు.

అందుకే మేలో వెళ్లమంటున్నాను. చవక రేట్లు ఒక కారణం, అసలు కారణం ఇది.

చివరగా ఒక్క మాట. మీ ఇంట్లో ముసలివాళ్లు ఎవరైనా ‘మా తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు, తిరిగి రాలేదు’ అని ఎప్పుడైనా అన్నారా? శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు కుర్రాళ్లూ, మిమ్మల్నే అడుగుతున్నాను! ఈ ఆదివారం సినిమాకి వెళ్లే ముందు ఒక్కసారి వాళ్ల పక్కన కూర్చుని అడగండి. పేరు, ఊరు కాయితం మీద రాసిపెట్టుకోండి. అదే పేరు, అదే ఊరు రాసి ఉన్న కాయితం సంచిలో పెట్టుకుని సువాలో ఎవరో మీ కోసం ఎదురు చూస్తూ ఉండొచ్చు!