భయభక్తులు

తన్ను ప్రేమించువానికి భయపడుట యేల? క్రైస్తవుని యెదుట ఈ ప్రశ్న తొలినుండియు నిలిచియున్నది. దైవభయమే జ్ఞానమునకు మొదలని సామెతల గ్రంథము. ప్రేమ నిండినచోట భయమునకు తావులేదని యోహాను పత్రిక.

1505 జూలైలో జర్మనీలోని ష్టొటెర్న్‌హైమ్ గ్రామసమీపమున పిడుగుపాటుకు బెదరిన యువకుడు మార్టిన్ లూథర్, సన్న్యాసినగుదునని మ్రొక్కుకొనెను. మఠము చేరినను ఆ బెదరు వీడలేదు. ఉపవాసములు చేసెను, జాగరణములు చేసెను, పాపములను మరల మరల ఒప్పుకొనెను. దేవుడు దండధరుడుగానే తోచెను. క్షమ యనునది ఆర్జించుకొనునది కాదు, అనుగ్రహమని పౌలు పత్రికలయందు గ్రహించిన పిమ్మటనే మనస్సు కుదుటపడెను. అట్టివాడు 1529లో సామాన్యుల కొరకును, పిల్లల కొరకును ప్రశ్నోత్తరరూపమున చిన్న పుస్తకము రచించినపుడు భయమను మాటను తీసివేయలేదు. పది ఆజ్ఞలలో ప్రతిదాని వివరణమునందును దేవునికి భయపడుటను, దేవుని ప్రేమించుటను జంటగానే నిలిపెను.

ఈ జంటలోని మర్మమును అంతకు వేయియేండ్లకు పూర్వమే అగస్టీను విప్పిచెప్పెను. తప్పుచేసిన భార్య, భర్త వచ్చునేమోయని భయపడును; అనురాగవతి, ఆతడు విడిచిపోవునేమోయని భయపడును. మొదటి భయమును ప్రేమ తరిమివేయును. రెండవదానిని ప్రేమయే పుట్టించును. శిక్ష తప్పినదని తెలిసిన పిమ్మట మొదటిది మిగులదు. క్షమింపబడితినని తెలిసినకొలది రెండవది పెరుగును.

సామెతల గ్రంథమున హిందీ బైబిలు 'భయ' అని మాత్రమే పలికినది. తెలుగు బైబిలు 'భయభక్తులు' అన్నది. పెద్దలయెడ, గురువులయెడ తెలుగువారు నిత్యము వాడుకొను మాటయే యిది. దండనకు వెరచుట గాక, వారి మనస్సు నొవ్వకుండవలెనను జాగరూకతయే అందలి యర్థము.