సహజమన్న మాట వెనుక

'సహజం' అన్న మాటకు వ్యుత్పత్తి అడిగితే తరగతిలో పిల్లలు తడుముకోకుండా చెప్పేవారు, కూడ పుట్టినది అని. మేలు చేయునది అన్న అర్థం అందులో ఎక్కడా లేదు. ఉమ్మెత్తకాయ సహజమే, గన్నేరుపప్పూ సహజమే. అయినా నేడు సీసాపై ఆ మాట కనబడితే చాలు, లోపలున్నది మందు కాదనీ, కనుక హాని చేయదనీ నమ్మకం కుదిరిపోతున్నది.

గ్రంథాలయంలో సాయంత్రాలు కలిసే మిత్రులొకరు గుండెకు స్టెంటు వేయించుకున్నారు. కొలెస్టరాల్ తగ్గడానికి వైద్యుడు వ్రాసిన స్టాటిన్ మాత్రను మానివేసి, అబ్బాయి విదేశం నుండి పంపిన 'ఎర్ర ఈస్టు బియ్యం' గుళికలు మింగుతున్నారు. "ఆ మాత్ర వేసుకుంటే కాళ్ళు ఒకటే పీకులండీ మాస్టారూ. ఇదైతే బియ్యమే కదా!" అన్నారు.

బియ్యమే. కాని దానిపై మొనాస్కస్ అనే ఎర్ర బూజును పెంచుతారు. చైనా, జపాను దేశాలలో వంటకాల రంగుకు శతాబ్దాలుగా వాడుకలో ఉన్నదే. 1979లో అకిరా ఎండో అనే జపాను శాస్త్రవేత్త మొనాస్కస్ నుండి మొనాకొలిన్-కె అనే పదార్థాన్ని వేరుచేశారు. అది సాక్షాత్తు లొవాస్టాటిన్. 1987లో అమెరికాలో అనుమతి పొందిన తొలి స్టాటిన్ అదే! అసలు స్టాటిన్ల వంశమే బూజు వంశం. 1973లో ఎండో బృందం కనుగొన్న మొదటిదీ ఒక బూజు నుండి వచ్చినదే. అంటే మా మిత్రులు విడిచిన మందు జాతినే, పేరు మారినందున గుర్తుపట్టక, మరల పుచ్చుకుంటున్నారన్నమాట. కండరాల నొప్పులు, కాలేయానికి చేటు దీనితోనూ రావచ్చును.

తేడా కొలతలో ఉన్నది. మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములున్నవో అట్టమీద ఉంటుంది. గుళికలో మొనాకొలిన్ ఒక తయారీలో దాదాపు ఉండదు, మరొకదానిలో మాత్రతో సమానంగా ఉంటుంది. పులియబెట్టుటలో తేడా వస్తే సిట్రినిన్ అనే మూత్రపిండాల విషమూ పుట్టవచ్చును. ఐరోపా సమాఖ్య 2022లో, ఇటువంటి ఉత్పత్తుల నుండి రోజుకు అందే మొనాకొలిన్లు 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని నియమం పెట్టింది. 2024 మార్చిలో జపానులో కొబయాషి ఫార్మస్యూటికల్ సంస్థ తన ఎర్ర బియ్యం మాత్రలను వెనక్కు రప్పించింది. వాటిని వాడినవారిలో మూత్రపిండాలు దెబ్బతిని వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. కర్మాగారంలో చొరబడిన నీలి బూజు నుండి పుట్టిన ప్యుబెరులిక్ ఆమ్లం మాత్రలలో బయటపడింది.

మన గుగ్గులు సంగతీ చెప్పాలి. (ధూపం వేసే మైసాక్షి ఇదే.) 2003లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో దానివలన చెడు కొలెస్టరాల్ తగ్గకపోగా కొంత పెరిగింది; కొందరికి ఒంటిమీద దద్దుర్లూ వచ్చాయి. ఇక పచ్చడిలో వెల్లుల్లికి నాకెట్టి అభ్యంతరమూ లేదు. దాని సారాన్ని గుళికలుగా చేసి, రక్తం పలచబరచే మాత్రలతో కలిపి మింగితే నెత్తురు కారే ప్రమాదం పెరుగుతుంది.

అన్నిటికంటె నన్ను భయపెట్టేది దాపరికం. ఈ గుళికలను మందుగా తలచరు గనుక వైద్యునికి చెప్పరు. ఆయన తెలియక ఏ జ్వరానికో క్లారిత్రోమైసిన్ వ్రాస్తే, అది లొవాస్టాటిన్‌ను రక్తంలో విపరీతంగా పెంచుతుంది. కండరాలు కరిగి, మూత్రపిండాల మీదికి వస్తుంది.

కాళ్ళ పీకులు అబద్ధమని నేననను. మోతాదు తగ్గించవచ్చు, మరో స్టాటిన్‌కు మారవచ్చు, స్టాటిన్ కాని ఎజెటిమైబ్ వంటి మాత్రలూ ఉన్నవి. అది తేల్చవలసినది వైద్యుడు. మా మిత్రులకు ఈసారి పరీక్షకు వెళ్ళేటప్పుడు ఆ సీసాను కూడా సంచిలో వేసుకొని వెళ్ళమని చెప్పాను. "వాడేమనుకుంటాడో" అని అబ్బాయిని తలచుకొని ఇంకా సంశయిస్తున్నారు.