మా ఇంటి దండెం

మా అమ్మాయికి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఉద్యోగం వచ్చి నాలుగు నెలలైంది. వారంలో మూడు రోజులు తెల్లవారుజామున నాలుగింటికే డ్యూటీ. కొత్తూరులో మా ఇంటి ముందుకి రెండున్నరకే క్యాబ్ వచ్చి నిలబడుతుంది. యూనిఫాం ఇస్త్రీ నలగకూడదు, నల్ల బూట్లు మెరవాలి. అక్కడి రూల్స్ అవి. మా ఇంట్లోనేమో బట్టలన్నీ మడతపెట్టి ఒకదాని మీద ఒకటి, చెప్పులన్నీ గడప బయట.

మొన్న వానాకాలంలో ఒక రాత్రి వీధికుక్క ఒక బూటు ఎత్తుకెళ్ళింది. రెండూ ఎత్తుకుపోయినా బాగుండేది. ఒకటి మిగిలితే రెండోది వెతకాలనిపిస్తుంది కదా! నేనూ, మా ఆయనా టార్చి పట్టుకుని సందంతా తిరిగాం. క్యాబ్ హారన్ కొడుతూనే ఉంది. చివరికి పిల్ల పాత చెప్పులేసుకుని వెళ్ళింది, అక్కడ మాట పడింది. సాయంత్రం వచ్చి మెల్లగా అంది, "అమ్మా, శంషాబాద్‌ల హాస్టల్ చూసుకుంటనే."

నేనేమీ అనలేదు. అన్నం పెట్టాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మాది మా మామగారు కట్టించిన పాత ఇల్లు. గోడలోనే అల్మారా, తలుపుల్లేవు, అరలన్నీ తాండూరు బండలు. (అల్మారా అన్న మాట పోర్చుగీసు నుంచి వచ్చిందని బి.ఏ.లో చదివాను. అందులో బట్టలు ఎలా వేలాడదీయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.) వడ్రంగిని పిలిస్తే కొలిచి ముప్పై ఎనిమిది వేలన్నాడు. మా ఆయన "వచ్చే ఆదివారం చూద్దాం" అన్నారు. ఆ ఆదివారాలు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటాయి.

సరే, నేనే చేద్దామనుకున్నాను. అల్మారా వెడల్పు 4 అడుగులు. మధ్య బండ ఒకటి ఎప్పుడో విరిగిపోతే తీసేశారు కాబట్టి అక్కడ మూడున్నర అడుగుల ఎత్తు దొరికింది. షాద్‌నగర్ వెళ్ళి 4 అడుగుల స్టీల్ పైపు కొనుక్కొచ్చాను. ఇంటికొచ్చి హ్యాంగర్ తగిలిస్తే రెండంగుళాలు బయటికి పొడుచుకొచ్చింది. హ్యాంగర్ 17 అంగుళాలు, అల్మారా లోతు 15. మీరెవరైనా చేయాలనుకుంటే దయచేసి ముందు లోతు కొలవండి, పైపు తర్వాత కొనండి.

ఇక పైపు అడ్డంగా కాదు, గోడ నుంచి మన వైపుకి రావాలి. వెనక ఒక చెక్క, ముందు ఒక చెక్క అడ్డంగా బిగించి, వాటి మధ్య 13 అంగుళాల పైపు ముక్కలు రెండు పెట్టాను. హ్యాంగర్లు మన వైపు తిరిగి ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. ఒక్కో ముక్కకి ఎనిమిది పట్టాయి.

చెక్క సంగతి చెప్పాలి. ఇక్కడ ఫ్యాక్టరీలు ఎక్కువ కదా, వాళ్ళు పారేసిన ప్యాకింగ్ చెక్క పాత సామాన్ల షాపులో చవగ్గా దొరుకుతుంది. విదేశాల నుంచి వచ్చిన వాటి మీద ముద్ర ఉంటుంది. హెచ్‌టి అని ఉంటే పురుగు చావడానికి వేడి చేసిన చెక్క, ఇంట్లో వాడుకోవచ్చు. ఎంబి అని ఉంటే మందు పొగ పెట్టింది, దాని జోలికి పోకండి. రెండ్రోజులు ఎండలో పెట్టి, మేకులు పీకి, ఉప్పుకాగితంతో రుద్దాను. చేతులు మండిపోయాయి.

అడుగు అరలో బూట్లకి రెండు వరసలు, ముందుకి కొంచెం వాలుగా పెడదామని చెక్కలు కోస్తుంటే మా అత్తమ్మ వచ్చి నిలబడింది.

"చెప్పులు తెచ్చి బట్టల కింద పెడ్తవా?"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? నేనూ అలాగే పెరిగాను. కానీ కుక్క సంగతి, హాస్టల్ సంగతి చెప్పాను. హాస్టల్ మాట ఆమెకి అప్పటిదాకా తెలియదు. కాసేపు ఊరుకుని, "నడుమ బండ ఉన్నది గద, సరే. డ్యూటీ బూట్లే పెట్టు. రాంగనే కాదు, తుడిచి పెట్టాలె" అంది.

ఆ రాత్రే నా కష్టమంతా దబ్బున కింద పడింది. పాత గోడ, పైపూత వదులు. ప్లగ్గులతో పాటు సున్నం కూడా ఊడొచ్చింది. మా ఆయన "నేను చెప్పలే?" అన్నారు. ఏమీ చెప్పలేదు నిజానికి.

పొద్దున్నే అత్తమ్మ ఆ చెక్కలు చూసి, "దండెం అట్ల కడ్తరా పిల్లా?" అంది. వాళ్ళ పుట్టింట్లో దూలానికి రెండు తాళ్ళు కట్టి వెదురుబొంగు వేలాడదీసేవారట. ఇంటిల్లిపాది బట్టలూ దాని మీదే. "బరువు పైన దూలమన్న మొయ్యాలె, కింద నేలన్న మొయ్యాలె. గోడ ఏం మోస్తది?"

మాకు దూలాలు లేవు. అందుకని నేల మాటే పట్టుకున్నాను. అడ్డ చెక్కల కింద నాలుగు మూలలా నాలుగు కాళ్ళు నిలబెట్టి, కింది బండ మీద ఆనించాను. గోడకి కొట్టిన స్క్రూలు ఇప్పుడు కదలకుండా పట్టుకోవడానికే. బూట్ల వరసలకి కింద ప్లాస్టిక్ బిళ్ళలు పెట్టి, వార్నిష్ వేశాను. మొత్తం 1,640 రూపాయలు, నా పసుపు చీరకి ఒక వార్నిష్ మరక.

ఇప్పుడు రెండింటికి అమ్మాయి లైటు వేయకుండానే తయారవుతుంది. హ్యాంగర్ జరిగిన చప్పుడు వినిపిస్తుంది, తర్వాత బూట్లు. నేను లేచి టీ పెడతాను. హాస్టల్ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు, భయమే.

22 అంగుళాల పైపు ముక్క మిగిలింది. అత్తమ్మ దాన్ని తీసుకెళ్ళి తన మంచం పక్కన పెట్టుకుంది. "నా నేత చీరలకు గూడ ఒక దండెం కట్టు. కాళ్ళు పెట్టి కట్టు" అంటోంది. ప్యాకింగ్ చెక్క అయిపోయింది, రేపు మళ్ళీ షాపుకి వెళ్ళాలి.