ఎక్కడున్నాడో చెప్పే కాగితం

ధవళేశ్వరం,
ఆదివారం.

బావా,

 

నీ ఉత్తరం చదివాక చాలాసేపు అదే ఆలోచన. మీ వీధిలో తెలుగు కుర్రాణ్ణి తాగి కారు నడిపాడని రాత్రి పట్టుకుపోతే, పొద్దున్నే ఫోన్‌లో మీ కౌంటీ షెరీఫ్ ఆఫీసు పేజీ తీసి ఇంటిపేరు కొట్టగానే వాడి ఫొటో, ఎత్తు, బరువు, మోపిన నేరం, జామీనుకి కట్టాల్సిన డాలర్లు అన్నీ వచ్చేశాయని రాశావు. మన రాజమండ్రిలో ఒకణ్ణి పట్టుకుపోతే ఇలా తెలుసుకునే దారుందా అని అడిగావు. ఉంది బావా. చట్టంలో మహ బాగా ఉంది. ఆ దారిన నడవబోయిన ఒక తల్లి సంగతి చెప్పి, ఆ తర్వాత చట్టం సంగతి చెబుతాను.

ఈమధ్య లంక ఊరి నుంచి ఒకావిడ వచ్చి మా అరుగు మీద కూర్చుంది. కొడుక్కి ఇసుక పడవ మీద పని. ఎవరిదో మోటారు పోయిందని రేవు దగ్గర ముగ్గురు కుర్రాళ్ళని జీపెక్కించారు. చూసినవాళ్ళకి జీపు గుర్తుంది గానీ అది ఏ స్టేషనుదో తెలీదు. నువ్వు అమెరికా వెళ్ళేనాటికి బ్యారేజీ అవతలి గట్టు పశ్చిమగోదావరి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక ఇటు ధవళేశ్వరం, అటు విజ్జేశ్వరం రెండూ తూర్పుగోదావరే, మధ్యలో బొబ్బర్లంక మాత్రం కోనసీమ జిల్లా. ఒక్క బ్యారేజీ దాటేలోగా ఎస్పీ హద్దు రెండుసార్లు మారుతుంది. ఇక ఆవిడ ఎక్కడని వెతుకుతుంది? మొదట వెళ్ళిన స్టేషనులో "మా దగ్గర లేడమ్మా" అన్నారట. రెండో చోట "ఉన్నాడు గానీ ఇంకా అరెస్టు చూపించలేదు, పొద్దున్న రా" అన్నారట. అన్నం కారేజీ తీసుకెళ్తే గుమ్మంలో కానిస్టేబులు అందుకున్నాడు. కారేజీ లోపలికి వెళ్ళింది, ఖాళీది బయటికొచ్చింది, కాగితం ముక్క మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే: "మావోడు లోపలున్నట్టు ఎక్కడన్నా రాసుంటాదాండీ?"

రాసుండాలి. అలా రాయమని చెప్పిన తీర్పుల వెనక మొదటి నుంచీ ఉన్నది ఇలా వెతుక్కున్నవాళ్ళే. 1994 జనవరిలో గాజియాబాద్ పోలీసులు జోగిందర్ కుమార్ అనే యువ న్యాయవాదిని విచారణకని పిలిపించుకున్నారు. ఎక్కడ ఉంచారో తెలియక ఇంటివాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. పట్టుబడినవాడు అడిగితే, అతను ఎక్కడున్నాడో అతని మనిషి ఒకరికి చెప్పి తీరాలని కోర్టు ఆ ఏడాది ఏప్రిల్ 25న తీర్పిచ్చింది. దానికి ముందే, 1986 ఆగస్టు 26న, పశ్చిమబెంగాల్ న్యాయసహాయ సంస్థకి పెద్దగా ఉన్న డి.కె.బసు లాకప్ మరణాల మీద పత్రికల్లో వచ్చిన వార్తలు చూపిస్తూ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఓ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్నే కోర్టు పిటిషనుగా తీసుకుంది. పదేళ్ళు దాటాక, 1996 డిసెంబరు 18న, దేశంలో ప్రతి అరెస్టుకీ వర్తించేలా 11 నియమాలు వచ్చాయి. పట్టుకునే పోలీసు పేరు, హోదా కనపడేలా పెట్టుకోవాలి. అక్కడికక్కడే అరెస్టు మెమో రాసి, తేదీ, గంటతో సహా, ఇంటివాళ్ళో ఊళ్ళో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, పట్టుబడినవాడి సంతకమూ ఉండాలి. పట్టుబడినవాడు కోరితే ఒంటి మీద దెబ్బలు అప్పుడే చూసి రాసిపెట్టాలి. పదకొండోది నాకు అన్నిటికంటే గొప్పగా కనపడుతుంది: ఎవర్ని పట్టుకున్నారో, ఎక్కడ ఉంచారో 12 గంటల్లోగా జిల్లా కంట్రోల్ రూముకి చెప్పాలి, అక్కడ అందరికీ కనపడే బోర్డు మీద పెట్టాలి. 1996 నాటి మాట బావా ఇది. మీ కౌంటీ ఇవాళ ఫోన్‌లో చూపిస్తున్నదాన్ని మన కోర్టు అప్పుడే గోడ మీద రాయమంది.

ఆ గోడ తర్వాత చట్టంలోకీ ఎక్కింది. 2010 నుంచి పాత నేరవిచారణ స్మృతి సీఆర్‌పీసీలో 41-సి సెక్షను. 2024 జులై 1 నుంచి ఆ స్మృతి స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 37వ సెక్షను. కొత్తది ఇంకో అడుగు ముందుకేసింది. ప్రతి జిల్లాలోనూ, ప్రతి స్టేషనులోనూ ఏఎస్సైకి తగ్గని ఒక అధికారిని ఈ పనికే పెట్టాలి. పట్టుబడినవాళ్ళ పేర్లు, చిరునామాలు, మోపిన నేరం ఆయన రాసి ఉంచాలి. వాటిని స్టేషనులోనూ జిల్లా కేంద్రంలోనూ స్పష్టంగా కనపడేట్టు పెట్టాలి, డిజిటల్‌గా పెట్టినా సరే. నేను ఆవిడతో వెళ్ళిన స్టేషను గోడ మీద సైబర్ మోసాల పోస్టరు ఉంది, హెల్మెట్ పోస్టరు ఉంది. ఆ కుర్రాళ్ళ పేర్లు లేవు. ఎందుకంటే అరెస్టు ఇంకా "చూపించలేదు". చూపించనంత వరకూ మెమో ఉండదు, బోర్డు ఉండదు, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలన్న గడియారం కూడా కాగితం మీద మొదలవదు. నన్ను రాత్రిళ్ళు నిద్రపోనీయనిది ఈ చీకటి గంటలే. రాసిన అరెస్టుని వెతుక్కోవచ్చు, రాయనిదాన్ని ఎవరు వెతకగలరు? 2020 జులైలో మనకి కాస్త ఎగువన సీతానగరం స్టేషనులో ఒక దళిత యువకుడికి గుండు గీయించారు. అది బయటపడ్డాక ఎస్సైని సస్పెండ్ చేసి అరెస్టు చేశారు. స్టేషను లోపలి గంటలకి బయటి కన్ను ఎంత అవసరమో ఈ జిల్లావాళ్ళకి వేరే ఊరి కథ చెప్పక్కర్లేదు.

ఇంతకీ మేం ఏం చేశామంటే, తెలిసిన లాయరు ఒకాయన జిల్లా కంట్రోల్ రూముకి ఫోన్ చేసి, తల్లి ఎదురుగా ఉందని, పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పి, ఏ స్టేషనులో ఉన్నాడో చెప్పమని, అడిగినట్టు రాసుకోమని అన్నాడు. అడిగినవాడి పేరు, అడిగిన టైము అవతల నమోదైతే చాలు, సగం పని అయినట్టే. రాజమండ్రి కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసినా పలుకుతారు, డబ్బు తీసుకోకుండా లాయర్ని ఇస్తారు. ఈ సంగతి లంకల్లో ఎవరికీ తెలీదు. మర్నాడు కుర్రాణ్ణి మేజిస్ట్రేటు ముందుకి తెచ్చారు. అప్పుడు రిమాండ్ రిపోర్టు, ఎఫ్ఐఆర్ నంబరు చేతికొచ్చాయి. ఆ నంబరొక్కటి దొరికితే మిగతా తలుపులన్నీ తెరుచుకుంటాయి. 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం ఎఫ్ఐఆర్‌ని 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలి, నెట్ సరిగ్గా అందని చోట్ల 72 గంటలకి మించకూడదు. అత్యాచారం, పిల్లల మీద లైంగిక నేరాలు, ఉగ్రవాదం లాంటివి మాత్రం పెట్టరు. మన రాష్ట్రంలో 2020 సెప్టెంబరులో వచ్చిన పోలీస్ సేవ యాప్‌లోనూ ఎఫ్ఐఆర్ తీసుకోవచ్చు. కేసు కోర్టుకెక్కాక కోర్టుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో వాయిదాలు, బెయిలు ఉత్తర్వులు చూసుకోవచ్చు. చార్జిషీటు మాత్రం అందరికీ చూపించక్కర్లేదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది, అది నిందితుడికి ఇస్తారు. పట్టుకున్న కారణాలు వాడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని, అది ఏ నేరమైనా సరేనని, 2025 నవంబరులో అదే కోర్టు చెప్పింది. ఇసుక పడవ మీద పని చేసేవాడికి అర్థమయ్యే భాష అంటే తెలుగేగా. నాకు ఆ తీర్పు చదివినప్పుడు కడుపు నిండింది.

పేరుతో వెతకడం మాత్రం మనకి పెద్ద చిక్కు. అన్నవరం దేవుడి దయవల్ల గోదావరి జిల్లాల్లో సత్యనారాయణలకి కొదవలేదు. ఇంట్లో సత్తిబాబు, రేషన్ కార్డులో సత్యన్నారాయణ, ఆధార్‌లో వెంకట సత్యనారాయణ, కేసు కాగితంలో "అలియాస్ సత్తి". ఆ కంప్యూటర్లలో కొట్టాల్సింది ఇంగ్లీషు అక్షరాలు. ఒక అక్షరం ఎక్కువైతే వాడు లేడనే చెబుతుంది. అందుకే నన్నడిగేవాళ్ళకి తండ్రి పేరు, ఊరు, స్టేషను పేరు, పట్టుకున్న తేదీ ముందు రాసుకోమంటున్నాను.

మీ దేశంలోనూ మనవాళ్ళకి ఈ తిప్పలు తప్పలేదు, నీకు గుర్తుందా? 2019 జనవరి చివర్లో మిషిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అన్నది అసలు లేనేలేదని, ప్రభుత్వమే నడిపిన వల అని తేలింది. అప్పుడు పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది మనదేశం వాళ్ళే, అందులో ఎక్కువమంది తెలుగు పిల్లలు. వాళ్ళని వేర్వేరు రాష్ట్రాల్లో పట్టుకున్నారు. ఇక్కడ తల్లిదండ్రులకి కొడుకు ఏ ఊళ్ళో, ఏ నిర్బంధ కేంద్రంలో ఉన్నాడో తెలీదు. వలస శాఖ వాళ్ళ పేజీలో వెతకాలంటే వాళ్ళిచ్చిన నంబరుండాలి, లేదా పేరు వాళ్ళు రాసుకున్నట్టే రాయాలి. మన ఇంటిపేరు ముందో వెనకో, మూడు పేర్లలో ఏది మొదటిదో ఎవరికి తెలుసు? చివరికి మన దౌత్యకార్యాలయం రాత్రింబవళ్ళు పలికే ఫోన్లు పెట్టింది, తెలుగు సంఘాలు లాయర్లని చూశాయి. అక్కడ కంప్యూటరు ఉన్నా, ఇక్కడ గోడ ఉన్నా, తల్లికి కావాల్సింది ఆ రాత్రికి ఒక్క జవాబు.

అయితే నీ ఉత్తరంలో ఒక మాట నాకు నచ్చలేదు. ఆ కుర్రాడి ఫొటో మీ కాలనీ గ్రూపులో తిరిగిందని, తిరగడమే మంచిదని రాశావు. నేనొప్పుకోను. నేరం తేలకముందు నిద్రమొహంతో తీసిన ఫొటో అది. అలాంటివి పోగేసి, తీసెయ్యాలంటే డబ్బివ్వమని పీడించే దుకాణాలు మీ దేశంలో బయలుదేరితే, 2013లో జార్జియా, ఆరెగన్, టెక్సాస్ వంటి రాష్ట్రాలు చట్టాలు చేయాల్సి వచ్చింది. మనదగ్గర 2021లో దిల్లీ హైకోర్టుకి ఒకాయన వచ్చాడు. భారత సంతతి అమెరికా పౌరుడు, ఇక్కడ మత్తుమందుల కేసులో నిర్దోషిగా బయటపడ్డవాడు, హైకోర్టులోనూ నెగ్గినవాడు. అయినా పేరు వెతికితే ఆ తీర్పే కనపడుతోంది, అమెరికాలో లా చదివినా ఉద్యోగం రావట్లేదు. ఆ తీర్పు వెతుకులాటలో కనపడకుండా చెయ్యమని కోర్టు ఆదేశించింది. పట్టుకుపోయిన రాత్రి తలుపులన్నీ తెరిచి ఉండాలి బావా, మనిషి ఎక్కడున్నాడో లోకానికి తెలియాలి. కేసు కొట్టేశాక అదే కాగితం వాడి పెళ్ళి సంబంధానికీ పాస్‌పోర్టుకీ అడ్డం పడకూడదు. పడవ కుర్రాడు జామీను మీద వచ్చాడు. రేపు వాడి మీద కేసు నిలబడకపోతే ఆ మాట కూడా పేరు పక్కనే రాయాలి, అరెస్టు రాసినంత స్పష్టంగా.

ఒక అర్జీ రాశాను. సమాచార హక్కు చట్టం కింద, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, జిల్లా పోలీసు కార్యాలయానికి. 37వ సెక్షను కింద మన జిల్లాలో ఏ స్టేషనుకి ఏ అధికారిని పెట్టారు, పేర్లు ఎక్కడ ప్రదర్శిస్తున్నారు, రోజుకెన్నిసార్లు మారుస్తున్నారు అని అడిగాను. ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉంది, మామూలుగా అయితే 30 రోజులు. నా అర్జీ మామూలు గడువు కిందికే వస్తుందేమో అనిపిస్తోంది. నువ్వు కోర్టులో ఇరవై ఏళ్ళు నలిగినవాడివి, నకలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను, రెండో పేరాలో మాటలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. మీ కౌంటీ పేజీలో కేసు కొట్టేసినవాళ్ళ పేర్లు ఎన్నాళ్ళు ఉంచుతారో, తీయించుకోవాలంటే ఎవరికి రాయాలో కూడా కనుక్కుని తిరుగు టపాలో రాయి. జవాబు అందేదాకా అర్జీ పంపను.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ బావ