చామదుంపల పులుసు, రెండొందల యూరోలు

సైప్రస్ నుంచి తెచ్చుకున్నవాటిలో ఇవాళ్టికి నా దగ్గర మిగిలింది ఒక్క యూరో నాణెం. దాని మీద చేతులు బార్లా చాపిన రాతిబొమ్మ ఉంటుంది. పోమోస్ అనే ఊరి దగ్గర దొరికిందట, ఐదువేల ఏళ్ళ నాటిది. బొమ్మ మెడలో మళ్ళీ అలాంటిదే ఇంకో బుల్లిబొమ్మ. అక్కడున్న మూడేళ్ళలో ఆ సంగతి నేను ఒక్కసారీ గమనించలేదు. నాణెం చేతిలో పడితే చాలు, నాకది అరవై రూపాయలు.

2010 సెప్టెంబరులో లార్నకాలో విమానం దిగాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. నాన్న నరసరావుపేట దగ్గరున్న ఎకరంన్నర తాకట్టు పెట్టి మొదటి ఏడాది కాలేజీ ఫీజు కట్టారు. మిగతాది నువ్వే సంపాదించుకుంటావని ఏజెంటు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. మొదటి ఆరు నెలలు విద్యార్థి పని చెయ్యకూడదనీ, ఆ తర్వాతైనా వారానికి 20 గంటలేననీ ఆ కాగితంలో లేదు. ఆ ఆరు నెలలు ఏం తిని బతికామో నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు. పప్పు వాసన గుర్తుంది. ఒకే గిన్నె చుట్టూ ఆరుగురం కూర్చోవడం గుర్తుంది.

నికోసియాలో కైమక్లీ అనే పేటలో పాత ఇల్లు. రెండు గదులు, ఆరుగురం, అద్దె 420 యూరోలు, తలా 70. ఇంటికి కొంచెం దూరంలో ఇసుక మూటలు, తుప్పు పట్టిన డ్రమ్ములు అడ్డం పెట్టి వీధి మూసేసి ఉండేది. 1974లో దీవి రెండుగా చీలినప్పటి నుంచీ అంతే. అవతలి వైపు టర్కీ లిరాలు, అక్కడ అన్నీ చవక అని మావాళ్ళు చెప్పుకునేవారు. వీసాకి ఏమవుతుందోనన్న భయంతో నేనెప్పుడూ దాటలేదు. ఇంటి ఓనరు ముసలావిడ మాత్రం ప్రతి నెలా అద్దె తీసుకునేటప్పుడు ఉత్తరం వైపు చెయ్యి చూపించి 'కెరీనియా' అనేది. వాళ్ళ ఇల్లు అక్కడే ఉండిపోయిందట. నేను తల ఊపేవాణ్ణి. మనసులో మాత్రం వచ్చే నెల 70 ఎక్కడ తేవాలా అని.

చలికాలం అంత చల్లగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. డాబా మీద సోలారు ట్యాంకు ఉండేది కాబట్టి ఎండ ఉన్నన్నాళ్ళూ వేణ్ణీళ్ళు ఉచితం. జనవరిలో మబ్బు పడితే హీటరు స్విచ్చి వెయ్యాలి. ఒక రాత్రి ఎవరో ఆ స్విచ్చి ఆపకుండా పడుకున్నారు. తెల్లారి మేము పోట్లాడుకున్న తీరు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండు నెలలకోసారి వచ్చే కరెంటు బిల్లు ఇంట్లో ఏడో మనిషిలా ఉండేది. 2011 జులై 11న మరీ అనే ఊరి దగ్గర నౌకా స్థావరంలో దాచిన పేలుడు సామగ్రి పేలి పదముగ్గురు చనిపోయారు. పక్కనే ఉన్న వాసిలికోస్ విద్యుత్ కేంద్రం ధ్వంసమైంది. ఆ ఎండాకాలమంతా కోతలు. ఆ తర్వాత రేట్లు పెరిగాయి. ఊరంతా చనిపోయినవాళ్ళ గురించి, ప్రభుత్వం గురించి మాట్లాడుకుంటుంటే, మేం యూనిట్ రేటు గురించి మాట్లాడుకున్నాం.

ఆదివారం నికోసియా ఊరు వేరుగా ఉండేది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకి అది సెలవు. మున్సిపల్ పార్కు నిండా శ్రీలంక, ఫిలిప్పీన్స్, నేపాల్ భాషలు. అక్కడే ఒకరోజు వెనకనుంచి, "ఏమండీ, తెలుగోళ్ళేనా?" అని వినిపించింది. రాజోలు దగ్గర ఊరట. కువైట్‌లో ఆరేళ్ళు చేసి ఇటొచ్చింది. తొంభై ఏళ్ళ ముసలావిణ్ణి చూసుకుంటూ అదే ఇంట్లో ఉంటుంది. తిండీ గదీ వాళ్ళవే. చేతికి నెలకు మూడొందల చిల్లర. కూతురు నర్సింగ్ చదువుతోంది. రెండో ఆదివారానికల్లా నేను తమ్ముణ్ణయ్యాను.

అక్క దగ్గర్నుంచే ఆ దీవిలో బతకడం నేర్చుకున్నాను. పాతబస్తీ కోట బురుజు పక్కన బుధవారం సంతకి పొద్దున కాదు, కట్టేసే వేళకి వెళ్ళాలి. ఖాళీ స్థలాల్లో దొరికే 'గ్లిస్త్రీద' మన గంగపాయల కూరే, దానికి డబ్బెందుకు? అన్నిటికన్నా గొప్ప సంగతి కొలొకాసి. అది మన చామదుంప. కాకపోతే ఒక్కోటి కొబ్బరికాయంత. వాళ్ళు దాన్ని పందిమాంసంతో వండుతారు. చెక్కు తీశాక నీళ్ళు తగలనివ్వరు. ముక్కలు కొయ్యరు, కత్తి కొంచెం దింపి మెలిపెట్టి విరుస్తారు. అప్పుడు జిగురు రాదట. తను చూసుకునే ముసలావిడ మంచం మీద నుంచే నేర్పిందని అక్క చెప్పింది. మా వంటింట్లో నిలబడి అలాగే 'టక్, టక్' మని విరిచేది. చింతపండు ఆసియా కొట్లో దొరికేది. బెల్లం దొరికేది కాదు. దానికి బదులు కరోబ్ కాయల నుంచి తీసిన నల్లటి పాకం ఒక చెంచా వేసేది. "మా గోదావరోళ్ళకి తీపి లేకపోతే పులుసెలాగవుద్ది తమ్ముడూ?" అనేది. ఇప్పుడు హైదరాబాదులో ఎన్నిసార్లు వండినా ఆ పులుసు రుచి రావడం లేదు. ఆ నల్లపాకం లేకనేమో.

2012 నవంబరులో కాలేజీ ఫీజు వాయిదా కట్టలేకపోయాను. అది కట్టకపోతే కాలేజీవాళ్ళు ఉత్తరం ఇవ్వరు. ఆ ఉత్తరం లేకపోతే పింక్ స్లిప్, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి, రెన్యువల్ కాదు. అక్క 200 యూరోలు ఇచ్చింది. నేను అడగలేదు, నా మొహం చూసి ఇచ్చింది. సంక్రాంతికి తీర్చేస్తానన్నాను. సంక్రాంతి వెళ్ళిపోయింది.

2013 మార్చి 16, శనివారం. బ్యాంకుల్లో దాచుకున్న డబ్బులోంచి కొంత కోత పెడతారని పొద్దున్నే వార్త. మేం లేచేసరికే ఏటీఎంల ముందు బారులు. ఆ సోమవారం వాళ్ళ పండగ సెలవు, ఆపైన బ్యాంకులు తెరవనే లేదు. పన్నెండు రోజులు. మంగళవారం పార్లమెంటు ఆ ప్రతిపాదన తోసిపుచ్చింది. జనం వీధుల్లో కేకలు వేశారు. చివరికి చిన్న డిపాజిట్లను వదిలి పెద్దవాటి మీద పడ్డారు. 28న బ్యాంకులు తెరిచినా రోజుకి 300 యూరోలకి మించి ఇవ్వలేదు. మాకు బ్యాంకులో పోయేదేమీ లేదు. నేను పనిచేసే కార్ల వాషింగ్ సెంటర్ ఓనరు వారంవారం నోట్లు చేతికే ఇచ్చేవాడు.

24వ తేదీ ఆదివారం అక్క పార్కుకి వచ్చింది. ఆ ఇంటివాళ్ళు బ్యాంకు సంగతి తేలేదాకా జీతం ఆపారట. కూతురికి పరీక్ష ఫీజు కట్టాలి. "ఉంటే ఓ వంద ఇవ్వు తమ్ముడూ, మిగతాది తర్వాత చూద్దాం" అంది. మా ఇంట్లో బియ్యం డబ్బాలో, ప్లాస్టిక్ కవరులో నావి 380 యూరోలున్నాయి. నేను, "బ్యాంకులు మూసేశారు కదక్కా" అన్నాను.

నాకు జీతం నోట్లలో వస్తుందని అక్కకి తెలుసు. ఆ మాట నేనే ఎన్నోసార్లు గొప్పగా చెప్పాను. ఆ క్షణంలో ఆమె మొహం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. గుర్తు రావడం లేదు. నేను చూడలేదేమో. బెంచీ మీద స్టీలు డబ్బా, దాని మూత మీద పులుసు మరక మాత్రం కనిపిస్తాయి. మూత తీసి, "తిను, చల్లారిపోద్ది" అంది. తిన్నాను. వెళ్ళేముందు ఉండబట్టలేక కొట్లో 5 యూరోల ఫోన్ కార్డు కొని ఆమెకిచ్చాను.

పరీక్ష ఫీజు ఎలా కట్టిందో నేను అడగలేదు. జూన్‌లో ఆమె బాకీ మొత్తం తీర్చాను, పార్కులో అదే బెంచీ దగ్గర. నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి పర్సులో పెట్టుకుంది. తర్వాత చిల్లర సంచీ విప్పి ఐదు యూరో నాణేలు తీసి నా చేతిలో పోసింది.

"ఫోన్ కార్డు డబ్బులు తమ్ముడూ. నువ్వు కొన్నావు కదా."

వద్దక్కా అన్నాను. నా వేళ్ళు తనే మూసింది. ఆ ఎండాకాలం చివర్లో నేను తిరిగొచ్చేశాను. అక్క ఫోన్ నంబరు రెండేళ్ళు పలికింది, తర్వాత పలకలేదు. ఇప్పుడు నా దగ్గరున్న నాణెం ఆ ఐదింటిలోదో, విమానాశ్రయంలో మిగిలిన చిల్లరో ఖాయంగా చెప్పలేను.