పేరు లేని ఆల్బమ్‌లో ఎనిమిది లోకాలు

హార్డ్ రాక్ అనగానే మనలో చాలామందికి ఒకటే బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. పొడుగు జుట్టు, నల్ల టీషర్టు, చెవులు చిల్లులు పడే గిటార్, గొంతు చించుకునే సింగర్. ‘ఆ గోల ఎలా వింటావ్ రా బాబూ?’ అని మా రూమ్మేట్ ఇప్పటికీ అడుగుతుంటాడు. వాడితో వాదన పెట్టుకోను. ఒక ఆల్బమ్ విని చూడమంటాను. చిక్కేంటంటే, ఆ ఆల్బమ్‌కి పేరే లేదు!

1971 నవంబర్ 8న బయటికొచ్చిన ఆ రికార్డుని లోకమంతా ‘లెడ్ జెప్లిన్ ఫోర్’ అని పిలుస్తుంది. అది బ్యాండ్ పెట్టిన పేరు కాదు. నాలుగో ఆల్బమ్ కాబట్టి జనం అలా పిలుచుకున్నారంతే. కవర్ మీద ఆల్బమ్ పేరు లేదు, బ్యాండ్ పేరు లేదు, నలుగురి ఫొటోలూ లేవు. పెచ్చులూడిన గోడ, దాని మీద ఒక పటం, ఆ పటంలో వీపున కట్టెల మోపు మోస్తున్న ముసలాయన. అంతే. ఆ ముసలాయన ఎవరో 50 ఏళ్ల పాటు ఎవరికీ తెలియదు. 2023లో ఇంగ్లండ్‌లో ఒక పాత ఫొటో ఆల్బమ్ బయటపడ్డాక తెలిసింది, ఆయన విల్ట్‌షైర్ ప్రాంతంలో ఇళ్లకు గడ్డికప్పు వేసే పనివాడని.

పేరు ఎందుకు పెట్టలేదంటే, కోపంతో. అంతకుముందు ఏడాది వచ్చిన మూడో ఆల్బమ్‌లో మెత్తటి అకూస్టిక్ పాటలు ఎక్కువున్నాయి. ‘ఇదేంటి, వీళ్లు హెవీ బ్యాండ్ కదా!’ అని పత్రికల వాళ్లు పెదవి విరిచారు. దాంతో గిటారిస్ట్ జిమ్మీ పేజ్‌కి ఒళ్లు మండింది. మా పేరు చూసి కాదు, పాట విని చెప్పండి అన్నట్టు, రికార్డు కంపెనీ వద్దని మొత్తుకున్నా వినకుండా ఖాళీ కవర్‌తో వదిలాడు. లోపల మాత్రం నలుగురూ తలో గుర్తు ఎంచుకున్నారు. పేజ్, పాడే రాబర్ట్ ప్లాంట్, బేస్, కీబోర్డులు వాయించే జాన్ పాల్ జోన్స్, డ్రమ్మర్ జాన్ బోనమ్. నలుగురు మనుషులు, నాలుగు గుర్తులు. అలా పేరు కూడా లేకుండా వచ్చిన రికార్డు ఒక్క అమెరికాలోనే 2 కోట్లకు పైగా అమ్ముడైంది.

ఇంత అమ్ముడైంది కాబట్టి గొప్పది అని నేను అనను. నాకు నచ్చింది వేరే సంగతి. విమర్శకులు మెత్తటి పాటలు వద్దన్నారు. వీళ్లు వాటిని మానలేదు. అలాగని అందరి మీదా అలిగి మెత్తటివే చేయలేదు. రెండింటినీ ఒకే పళ్లెంలో పక్కపక్కనే వడ్డించారు.

ఎక్కువ భాగం రికార్డింగ్ జరిగింది ఇంగ్లండ్‌లోని హ్యాంప్‌షైర్ పల్లెటూళ్లో, హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో. 1795లో బీదల కోసం కట్టిన భవనం అది. చలి, తేమ, పాత గోడలు. రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో, అంటే రికార్డింగ్ సామానంతా ఉన్న ట్రక్కు, బయట నిలబెట్టి లోపలికి వైర్లు లాగారు. గంటకింత అని అద్దె లెక్క చూసుకునే స్టూడియో కాదు కాబట్టి, పొద్దున్నే లేచి టీ తాగి ఏది తోస్తే అది వాయించేవాళ్లు. ఈ ఆల్బమ్‌లో ఇన్ని రకాల సంగీతం ఉండటానికి ఆ ఇల్లు కూడా ఒక కారణం అని నా నమ్మకం.

మొత్తం 8 పాటలు, దాదాపు 42 నిమిషాలు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి మొదటి పాట పెడితే ఎల్బీనగర్ వచ్చేలోపు అయిపోతుంది. నేను చాలాసార్లు అలాగే విన్నాను. ఒక్కటే షరతు. షఫుల్ ఆఫ్ చేయాలి.

మొదటిది ‘బ్లాక్ డాగ్’. ప్లాంట్ గొంతు ఒంటరిగా వస్తుంది, ఏ వాయిద్యమూ ఉండదు. ఆగుతుంది. అప్పుడు గిటార్, బేస్, డ్రమ్స్ కలిసి మీద పడతాయి. మళ్లీ గొంతు, మళ్లీ మోత. ఆ గిటార్ వరస జోన్స్ తెచ్చింది. తాళం వేద్దామని చూడండి, మీ చెయ్యి ఎక్కడో ఒక చోట తప్పుతుంది. గిటార్ ఒక లెక్కలో తిరుగుతుంటే బోనమ్ తన లెక్కలో తాను తిన్నగా పోతుంటాడు. ఇంతకీ పాటలో కుక్కే లేదు. ఆ ఇంటి చుట్టూ తిరిగే నల్ల లాబ్రడార్ పేరు మీద అలా పెట్టేశారు.

రెండోది ‘రాక్ అండ్ రోల్’. ఇది పుట్టిన తీరు సరదాగా ఉంటుంది. వేరే పాట ఎంతకీ కుదరక విసుగొచ్చి, బోనమ్ లిటిల్ రిచర్డ్ పాత పాటలోని డ్రమ్స్ ఎత్తుగడ వాయించాడు. పేజ్ దానికి గిటార్ కలిపాడు. నిమిషాల్లో కొత్త పాట తయారు. అందులో పియానో వాయించింది ఇయన్ స్టూవర్ట్, ఆ ట్రక్కుతో పాటు వచ్చిన రోలింగ్ స్టోన్స్ మనిషి.

ఇక్కడిదాకా మా రూమ్మేట్ చెప్పిందే నిజం, గోల గోలే. మూడో పాటతో కథ మారుతుంది. ‘ద బ్యాటిల్ ఆఫ్ ఎవర్‌మోర్’లో డ్రమ్స్ ఒక్క దెబ్బ కూడా వినపడదు. జోన్స్ మాండొలిన్ పక్కన పడి ఉంటే, అంతకుముందు ఎప్పుడూ అది వాయించని పేజ్ చేతిలోకి తీసుకున్నాడు. మాండొలిన్ అనగానే మనకి మన శ్రీనివాస్ గుర్తొస్తారు. ఇక్కడ అదే వాయిద్యం ఇంగ్లండ్ జానపదం వైపు నడుస్తుంది. టోల్కీన్ కథల్లాంటి యుద్ధం, రాణి, చీకటి. ప్లాంట్‌తో కలిసి పాడింది శాండీ డెన్నీ. లెడ్ జెప్లిన్ స్టూడియో పాటల్లో బయటి నుంచి వచ్చి పాడిన గొంతు ఆమెది ఒక్కటే. ఆమెకి కూడా కవర్ లోపల ఒక గుర్తు ఇచ్చారు.

నాలుగోది మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ‘స్టెయిర్‌వే టు హెవెన్’. గిటార్ నేర్చుకునే ప్రతివాడూ మొదట ముట్టుకునే పాట. 8 నిమిషాలు. మొదట గిటార్, పక్కన రికార్డర్ అనే చెక్క పిల్లనగ్రోవి. డ్రమ్స్ వచ్చేది నాలుగు నిమిషాలు దాటాకే! ఇప్పటి రీల్స్ లెక్కలో మూడో సెకనుకే స్వైప్ చేసేస్తాం కదా. ఈ పాట మనల్ని అంతసేపు కూర్చోబెట్టి, మెల్లగా వేగం పెంచుకుంటూ, చివరికి గిటార్ సోలో దగ్గర ఎగరేసి, మళ్లీ ఒంటరి గొంతుతో నేల మీద దింపుతుంది. ఆల్బమ్ మొత్తం చేసే పనిని ఈ ఒక్క పాట చిన్నగా చేసి చూపిస్తుంది.

అక్కడితో రికార్డు మొదటి వైపు అయిపోతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. రెండో వైపు వినకపోతే మాత్రం సగం భోజనం చేసి లేచినట్టే.

ఐదోది ‘మిస్టీ మౌంటెన్ హాప్’. ఎలక్ట్రిక్ పియానో మీద నడిచే హుషారు పాట. ఆరోది ‘ఫోర్ స్టిక్స్’. బోనమ్ ఒక్కో చేతిలో రెండేసి పుల్లలు పట్టుకుని వాయించాడు కాబట్టి ఆ పేరు. కుదరక విసిగించిన పాట ఇదే. దీనికి మనతో ఒక చుట్టరికం కూడా ఉంది. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయి వచ్చి, మన వాయిద్యకారులతో కలిసి ఈ పాటని మళ్లీ రికార్డు చేశారు. ఆ టేపు 2015లో గానీ అధికారికంగా బయటికి రాలేదు. ఈ రెండు పాటలూ మిగతా వాటి స్థాయిలో లేవనేవాళ్లున్నారు. ‘మిస్టీ మౌంటెన్’ సంగతిలో నేను కూడా కొంత ఒప్పుకుంటాను. ‘ఫోర్ స్టిక్స్’ని మాత్రం వదులుకోను.

ఏడోది ‘గోయింగ్ టు కాలిఫోర్నియా’. మళ్లీ డ్రమ్స్ లేవు. అకూస్టిక్ గిటార్, మాండొలిన్, ఊరొదిలి ఎటో వెళ్లిపోదామనుకునే కుర్రాడి గొంతు. మొదటి పాటలో అంత పొగరుగా అరిచింది ఈ మనిషేనా అనిపిస్తుంది. రాత్రి షిఫ్ట్ అయ్యాక క్యాబ్‌లో కిటికీ వైపు తిరిగి వింటే ఇంకేం అక్కర్లేదు.

ఆ నెమ్మది అలా చెవిలో ఉండగానే ఎనిమిదో పాట మొదలవుతుంది. ‘వెన్ ద లెవీ బ్రేక్స్’. లెవీ అంటే కరకట్ట. కట్ట తెగితే ఏమవుతుంది అనే పాట.

ఇది లెడ్ జెప్లిన్ సొంత కథ కాదు. 1927లో అమెరికాలో మిసిసిపీ నది కట్టలు తెగి లక్షల మంది ఇళ్లు వదిలిపోయారు. వాళ్లలో నల్లజాతి పేద కూలీలు చాలామంది. 1929లో కాన్సాస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ అనే బ్లూస్ జంట ఆ వరద మీద ఈ పాట రికార్డు చేశారు. బ్లూస్ వాళ్ల పాటలు తీసుకుని పేరు చెప్పలేదని లెడ్ జెప్లిన్ మీద ఉన్న విమర్శలో నిజం ఉంది. ఈ పాటకి మాత్రం రచయితల్లో మెంఫిస్ మిన్నీ పేరు వేశారు. ఆ పాత పాట కూడా ఫోన్‌లో దొరుకుతుంది, వెతికి వినండి.

2024 సెప్టెంబర్ ఒకటిన విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు మా పెద్దమ్మ వాళ్లు సింగ్‌నగర్‌లో ఉన్నారు. గట్టు తెగింది, నీళ్లు వచ్చేస్తున్నాయి అని ఒక ఫోన్. తర్వాత ఛార్జింగ్ అయిపోయి ఫోన్ మూగబోయింది. వెళ్దామంటే హైదరాబాద్ హైవే మీదకే నీళ్లొచ్చాయి. మూడు రోజులు మేడ మీద గడిపి, పడవ ఎక్కి బయటపడ్డారు. తర్వాత కలిసినప్పుడు పెద్దమ్మ ఒక మాట చెప్పింది. ‘సినిమాల్లోలా పరిగెత్తుకుంటూ రాలేదురా నీళ్లు. నడుచుకుంటూ వచ్చాయి. మెట్టు మెట్టూ ఎక్కాయి. ఆగలేదు, అంతే.’

కొన్ని వారాల తర్వాత ఆల్బమ్ మళ్లీ పెట్టాను. ఎనిమిదో పాట డ్రమ్స్ మొదలవగానే చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఆ డ్రమ్స్ పరిగెత్తవు. నడుస్తాయి. బరువుగా, ఒకే అడుగుతో, 7 నిమిషాల పాటు ఆగకుండా. హెడ్లీ గ్రేంజ్‌లో మెట్ల కింద హాల్లో బోనమ్‌ని కూర్చోబెట్టి, మైకులు పైన మెట్ల దగ్గర వేలాడదీసి రికార్డు చేశారు. అందుకే ఆ దెబ్బ పక్కనే ఉన్నట్టూ, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టూ ఉంటుంది. పైగా టేపు వేగం తగ్గించారు. దాంతో గిటార్, ప్లాంట్ ఊదిన మౌతార్గాన్ అన్నీ బురదనీళ్లలో ఈడ్చుకొస్తున్నట్టు వినపడతాయి. తర్వాతి కాలంలో హిప్‌హాప్ వాళ్లు ఈ డ్రమ్స్‌నే కోసి వాడుకున్నారు. 1986లో బీస్టీ బాయ్స్ తమ తొలి ఆల్బమ్‌ని దీంతోనే మొదలుపెట్టారు.

ఈ పాటని విడిగా వింటే మంచి బీట్ ఉన్న పాట. వరసలో వింటే వేరు. దాని ముందు పాటలో డ్రమ్స్ లేకపోవడం వల్లే ఆ మొదటి దెబ్బ గుండె మీద పడుతుంది. ఎనిమిదీ గోలగా ఉండి ఉంటే, చెవి అప్పటికే మొద్దుబారిపోయి ఉండేది. మెత్తటి పాటలు హార్డ్ రాక్‌ని పలుచన చేశాయని అప్పటి విమర్శకులు అన్నారు కదా. నాకు తోచింది దానికి సరిగ్గా ఉల్టా. ఆ మెత్తదనం లేకపోతే ఈ బరువు తెలిసేదే కాదు.

1980లో బోనమ్ 32 ఏళ్లకే చనిపోయాడు. ఆయన స్థానంలో ఇంకొకరిని పెట్టి బండి లాగించకుండా మిగతా ముగ్గురూ బ్యాండ్ ఆపేశారు. ఈ ఆల్బమ్ విన్నవాళ్లకి ఎందుకో అర్థమవుతుంది. డ్రమ్స్ ఉన్న చోటే కాదు, లేని చోట కూడా ఆయన లెక్కే నడుస్తుంది.

ఈ వీకెండ్ ఓ 42 నిమిషాలు ఖాళీ చేసుకోండి. మంచి ఇయర్‌ఫోన్స్, నోటిఫికేషన్లు ఆఫ్, పాటల వరస మార్చొద్దు. ఏడో పాటకి వచ్చేసరికి కాస్త వాల్యూమ్ పెంచుకోవాలనిపిస్తుంది. పెంచుకోండి, ఎనిమిదోది మొదలైనా తగ్గించకండి.