ఎవరి కాకతీయులు?

లెబనాన్ చరిత్రకారుడు కమాల్ సలీబీ పుస్తకం చదువుతున్నంతసేపూ నాకు హన్మకొండే గుర్తొచ్చింది. ఫఖ్రుద్దీన్ మఆన్ అని ఒక డ్రూజ్ అమీర్ ఉండేవాడు. 1635లో ఒట్టోమన్లు అతన్ని ఇస్తాంబుల్‌లో చంపేశారు. 1697లో ఆ వంశంలో మగసంతు లేకుండా పోయింది. కొండమీది పెద్ద కుటుంబాలన్నీ కూర్చుని, ఆడపిల్లల వైపు బంధువులైన షిహాబుల్ని గద్దెనెక్కించాయి. ఈ షిహాబులు డ్రూజులు కారు, సున్నీలు. తర్వాత వాళ్లలో కొందరు క్రైస్తవులయ్యారు. ఇంకేముంది, ఆ అమీర్లు మావాళ్లంటే మావాళ్లని ఇవాళ్టికీ అక్కడ వాదనలే.

మా బాబాయ్ పోయిన నెల ఫోన్ చేశాడు. "ఏంరా, పుస్తకాలు చదువుతవు గదా. కులసంఘం సావనీర్‌కు ఒక వ్యాసం రాసియ్యి. కాకతీయులు మనోళ్లే అని." ఫీజులు కట్టి నన్ను చదివించిన మనిషి. కాదనడం అంత తేలిక కాదు.

కాకతీయులు ఏమని చెప్పుకున్నారో చూద్దామని కూర్చున్నా. దుర్జయ వంశమని ఒకచోట. చతుర్థ కులమని ఇంకోచోట. 1244 నాటి మోటుపల్లి శాసనంలో ఏకంగా సూర్యవంశం. రాజ్యం పెరిగేకొద్దీ తాతలూ పెరిగారన్నమాట.

నన్ను పట్టుకున్నది మాత్రం గూడూరు శాసనం. తండ్రి లేని పిల్లవాడు బేతరాజును విరియాల ఎర్రన భార్య కామసాని చాళుక్య చక్రవర్తి దగ్గరికి తీసుకెళ్లి, అనుమకొండ ఇప్పించిందట. ఇంకో ఇంటి ఆడమనిషి పూనుకోకపోతే ఓరుగల్లే లేదు! ఆమె పేరు మా స్కూల్ పుస్తకంలో చదివిన గుర్తు నాకు లేదు.

ఆ తర్వాత యాదవులు గణపతిదేవుణ్ని బంధిస్తే రాజ్యాన్ని నిలబెట్టింది రేచర్ల రుద్రుడు. 'కాకతి రాజ్యభారధౌరేయ' అన్న బిరుదు ఆయనది. 1213లో రామప్ప గుడి కట్టించిందీ ఆయనే. గుడికి మాత్రం వేరే పేరు నిలిచిపోయింది. రేచర్ల అన్న ఇంటిపేరైనా ఒక కులానిదా? అటు రెడ్లూ ఉన్నారు, ఇటు రాచకొండ ఏలిన పద్మనాయకులూ ఉన్నారు. 1323లో ఓరుగల్లు పడ్డాక తలో ముక్కా ఏలింది ఇలాంటి సామంతులే.

షిహాబుల తర్వాత 1842 నుంచీ లెబనాన్‌లో ఏం జరిగిందో తెలిసినవాళ్లకు ఈ 'మనోళ్లు' అన్న మాట వింటే కొంచెం భయమేస్తుంది. నాకూ వేసింది.

సావనీర్‌కు రెండు పేజీలు రాసిచ్చాను. కామసాని గురించి. బాబాయ్ చదివి, "మంచిగనే ఉంది గని, ఈమె మనామెనేనా?" అని అడిగాడు.